నీటి మీద దిద్దే పలక

గాలిపటం లాంటి కైట్ మనిషిని లాగుతుంటే కాళ్ల కింద ఉండి నీటి మీద జారే పలక కైట్‌బోర్డు. దాని అందం నిలబడి చూస్తే సగమే కనిపిస్తుంది. అడుగున ఉండే చిన్న రెక్కలను, అంటే ఫిన్లను విప్పేసి, దాన్ని చదునైన గచ్చు మీద పెట్టి, మనం కూడా బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి చూడాలి. బోర్డు నడుము నేలను తాకుతూ ఉంటుంది. అక్కడి నుంచి రెండు కొసలూ తొందర లేకుండా పైకి లేస్తాయి. వాటి కింద నుంచి వెలుతురు సన్నగా తొంగిచూస్తుంది. విదియనాటి చంద్రరేఖను తెచ్చి నేల మీద పెట్టినట్టుంటుంది. ఈ వంపునే రాకర్ అంటారు. రామేశ్వరం తీరంలో ఒక మధ్యాహ్నం, గాలి కోసం కాచుకుని ఉన్నప్పుడు, నాకు నేర్పే ఆయన రెండు బోర్డులను ఇలా పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకదాని కొస కింద రెండు వేళ్లు పట్టాయి. రెండోదాని కింద మూడు వేళ్లు పెట్టినా చోటు మిగిలింది. "ఇది పరిగెత్తుతుంది, అది ఎగురుతుంది" అన్నారు. ఆ రెంటి మధ్య ఉన్నది ఒక వేలి మందానికి కాస్త ఎక్కువ, అంతే!

ఆ మాట నాకు ఛందస్సు పాఠంలా వినిపించింది. ఒకే కవి సీసం రాస్తే ఒక నడక, కందం రాస్తే ఇంకో నడక. సీసంలో ఊపిరి పొడుగు, భావం సాగుతూ పోతుంది. కందంలో చోటు తక్కువ, చటుక్కున మలుపు తిరగాలి. రెంటిలో ఏది గొప్పదని తెలిసినవాళ్లు అడగరు. ఏ భావానికి ఏది తగిందని అడుగుతారు. 11వ శతాబ్దపు కాశ్మీర అలంకారికుడు క్షేమేంద్రుడు రసానికి ప్రాణం ఔచిత్యమే అన్నాడు. ఆయన కావ్యం గురించి అన్నదాన్ని నేను కైట్‌బోర్డు గురించి నమ్ముతాను. దుకాణంలో గోడకు ఆనించి ఉన్నప్పుడు ప్రతి బోర్డూ అందంగానే ఉంటుంది. తగిన మనిషి కాళ్ల కింద, తగిన నీటి మీద ఉన్నప్పుడే అది రసవంతమవుతుంది.

ఈ బోర్డుల కడుపులో ఉన్నది చెట్టే. చాలా మంచి బోర్డుల మధ్యపొర పౌలోనియా కలప. తేలిగ్గా ఉంటుంది, వంచితే వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది. జపాన్‌లో ఈ చెట్టును కిరి అంటారు. మన బొబ్బిలి వీణకు పనస ఎలాగో, వాళ్ల కోటో వాద్యానికి కిరి అలాగ. తీగ కదలికను పట్టుకుని పలికించే కలప, అల కదలికను కూడా పట్టుకుంటుంది. దాని చుట్టూ గాజునారో కార్బన్ నారో పొరలుగా వేసి రెజిన్‌తో బిగిస్తారు. గాజునార బోర్డు కాస్త ఒదుగుతుంది. చిన్నచిన్న అలలు వరసగా కొడుతుంటే వాటిని తనలో ఇముడ్చుకుని మోకాళ్లకు తెలియనివ్వదు. కార్బన్ బోర్డు బిగుతు. పాదంతో ఎంత నొక్కితే అంతా వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. ఈ ఒదుగూ బిగువూ కలిపి ఫ్లెక్స్ అంటారు. కళ్లు మూసుకుని నిలబడినా పాదాలు దాన్ని గుర్తుపడతాయి.

మళ్లీ రాకర్ దగ్గరికి వస్తే, ముందు కొస పైకి లేచి ఉండాలన్న పాఠం సముద్రం ఏనాడో నేర్పింది. ఉత్తరాంధ్ర తీరంలో జాలర్ల తెప్పను చూడండి. దుంగలు పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టింది, ముందువైపు పైకి చెక్కింది. ఒడ్డున విరిగే కెరటం మీదికి ఎక్కాలంటే ఆ వంపు కావలసిందే. కైట్‌బోర్డు వయసు మాత్రం చిన్నది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన బ్రూనో, డొమినీక్ లెగేన్యూ సోదరులు, గాలి నింపిన గొట్టాలతో నిలబడి నీట్లో పడినా మళ్లీ లేచే కైట్‌కు 1984లో పేటెంటు కోరారు. అది జనానికి అందుబాటులోకి వచ్చింది 1990ల చివర్లో. తొలినాళ్లలో కాళ్ల కింద ఉన్నవి సర్ఫింగ్ నుంచి, విండ్‌సర్ఫింగ్ నుంచి అరువు తెచ్చుకున్న పొడవాటి బోర్డులు. వాటికి ముందూ వెనకా ఉండేవి. దిశ మార్చిన ప్రతిసారీ పాదాలు మార్చుకోవాలి.

ఆ తర్వాత వచ్చింది ట్విన్‌టిప్. ఇది వికటకవి లాంటిది, ఎటు నుంచి చదివినా ఒకటే. దానికి ముందు లేదు, వెనక లేదు. కుడికి వెళ్లేటప్పుడు ఏది ముక్కో, ఎడమకు తిరిగేటప్పుడు అదే తోక. పాదాలు కదపక్కర్లేదు. కైట్‌ను ఆకాశంలో అటు నుంచి ఇటు తిప్పితే మనిషి కూడా తిరుగుతాడు. ఇంత చిన్న ఆలోచన ఇంత హాయిని ఇచ్చిందంటే, సౌష్ఠవం కంటికే పరిమితమైన గుణం అనుకోలేం.

బోర్డు చేసే అసలు పని దాని అంచులో ఉంది. కైట్ మనిషిని గాలివాలుకు లాగుతుంది. మడమలతో నొక్కితే అంచు నీట్లో దిగి ఆ లాగుడికి ఎదురు నిలుస్తుంది. గాలి ఒకవైపు, నీరు ఒకవైపు పట్టిన పట్టు విడవకుండా ఉంటే, మధ్యలో ఉన్న మనిషి ఆ రెంటికీ అడ్డంగా దూసుకుపోతాడు. ఆ క్షణంలో మడమల వెనక నీరు విసనకర్రలా విచ్చుకుంటుంది. ఎండ వాలుగా పడితే అందులో ఇంద్రధనుస్సు ముక్క ఒకటి మనతోపాటే వస్తుంది. వెనక్కి చూస్తే నీటి మీద తెల్లటి గీత. అది చెరిగిపోయేలోగా ఇంకో గీత.

నేర్చుకునేవాళ్లకు ఆ గీత గీయడమే పెద్ద పని. అందుకే వాళ్ల బోర్డు పిల్లల చేతికిచ్చే పలకలా వెడల్పుగా ఉండాలి. 70–75 కిలోల మనిషికి రోజువారీ బోర్డు సుమారు 136–138 సెంటీమీటర్ల పొడవు, 41 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది. నేర్చుకునేటప్పుడు పొడవు నాలుగైదు సెంటీమీటర్లు, వెడల్పు ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే మేలు. రాకర్ తక్కువ ఉండాలి, ఒదుగు ఉండాలి. ఇలాంటి బోర్డు కొద్దిపాటి లాగుడికే నీటి పైకి వచ్చేస్తుంది. నీట్లో కూర్చుని, పాదాలు బోర్డు మీది స్ట్రాపుల్లో దూర్చి, నెత్తి మీదున్న కైట్‌ను ఒక్కసారి కిందికి దింపుతాం. కైట్‌ను కొక్కేనికి తగిలించిన నడుము దగ్గర లాగుడు తెలుస్తుంది. అంతవరకు ఛాతీని నెడుతున్న నీరు అకస్మాత్తుగా పాదాల కింద గట్టిపడుతుంది. ద్రవమే నేల అవుతుంది. ఆ మార్పును మొదటిసారి పాదాలతో విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెడల్పాటి బోర్డును నేర్చుకునేవాళ్ల సరుకని చిన్నచూపు చూసేవాళ్లు ఈ క్షణాన్ని మరిచిపోయారనుకుంటాను. ఓనమాలు దిద్దిన పలకకు ఉండే గౌరవం దానికీ ఉంది.

గీత నిలకడగా గీయడం వచ్చాక మనిషికి తన అభిరుచి తెలుస్తుంది. కొందరికి దూరం ఇష్టం. స్పెయిన్ దక్షిణ కొసన, జిబ్రాల్టర్ జలసంధి ఒడ్డున ఉన్న టరీఫాలో రెండు గాలులు వంతులేసుకుంటాయి. తూర్పు నుంచి వచ్చే లెవాంతే జలసంధిలో ఇరుక్కుని ఉరుకుతూ వస్తుంది. పడమటి పొనియెంతే అట్లాంటిక్ మీదుగా నిలకడగా వస్తుంది, దాంతోపాటు అలలూ వస్తాయి. అలాంటి తీరంలో గంటల తరబడి సాగేవాళ్లకు కావలసింది సీసపద్యం లాంటి ఫ్రీరైడ్ బోర్డు. పక్కల గీత కాస్త నిటారుగా ఉంటే అంచు ఎక్కువ పొడవున నీటిని పట్టి గాలికి ఎదురు నడిపిస్తుంది. పక్కలు గుండ్రంగా ఉంటే మలుపులు ముద్దుగా వస్తాయి. కొసలు మెత్తగా ఉంటే గరుకు నీరు కూడా పట్టుబట్టలా అనిపిస్తుంది. పాదాలకు హాయినిచ్చే బోర్డు ఇంకో గంట నీటి మీద ఉండనిస్తుంది. ఆ ఇంకో గంటలోనే సాయంత్రం వెలుగు వస్తుంది.

కొందరికి ఎత్తు ఇష్టం. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వేసవి నెలల్లో ఆగ్నేయం నుంచి వీచే గాలిని కేప్ డాక్టర్ అంటారు. బ్లౌబర్గ్ తీరంలో ఆ గాలి పట్టుకుని ఎగిరేవాళ్లు ఏడెనిమిది అంతస్తుల ఎత్తుకు వెళ్లివస్తారు. ఎగిరేముందు వాళ్లు బోర్డు అంచును నీట్లోకి ఎంత లోతుగా నొక్కుతారో చూడాలి. ధనుస్సు వంచినట్టే. వదిలిన మరుక్షణం మనిషి నీటి మీద ఉండడు. దీనికి బిగువైన బోర్డు కావాలి, దిగేటప్పుడు దెబ్బను తట్టుకునే రాకర్ కావాలి. బ్రెజిల్‌లోని సెయరా రాష్ట్రపు మడుగుల్లో ఇంకో పద్ధతి చూస్తాం. అద్దంలాంటి నీరు, నడుము కొక్కెం విడిపించుకుని కైట్‌ను చేతులతోనే పట్టే విన్యాసాలు. అక్కడ వాడే బోర్డులకు రాకర్ ఎక్కువ, కొందరు స్ట్రాపులకు బదులు బూట్లు బిగిస్తారు. ఇది కందపద్యం. గణం ఒకటి తప్పినా పద్యం కూలుతుంది. మెత్తటి బోర్డుతో ఇక్కడికి వస్తే చిటికె వేసినచోట చప్పుడు రాదు. ఈ బిగుతు బోర్డుతో మొదటి పాఠానికి వెళితే ప్రతి తప్పుకూ మోకాలు బదులు చెప్పాలి.

అలను ప్రేమించేవాళ్ల దారి వేరు. మన తెలుగువాళ్ల పూర్వీకులు చెరకు తోటల పనికి వెళ్లిన మారిషస్‌లో, లె మోర్న్ కొండకు ఎదురుగా పగడపు దిబ్బ మీద విరిగే అలను వన్ ఐ అంటారు. దాని మీద తిరిగేవాళ్లు ట్విన్‌టిప్ వదిలేసి సర్ఫ్‌బోర్డు ఎక్కుతారు. దీనికి ముక్కు ఉంది, తోక ఉంది, సొంతంగా తేలే మందం ఉంది. కింద సాధారణంగా మూడు ఫిన్లు. ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ ఆండర్సన్ 1980ల మొదట్లో నిలబెట్టిన అమరిక అది. చాలామంది స్ట్రాపులు కూడా తీసేస్తారు. బోర్డుకూ పాదానికీ మధ్య మైనపు గరుకు, నమ్మకం తప్ప ఇంకేమీ ఉండవు. దిశ మారినప్పుడు పాదాలు మార్చుకోవాలి. ట్విన్‌టిప్ తప్పించిన ఆ పనిని ఇక్కడ మనిషి కావాలని నెత్తికెత్తుకుంటాడు. అల గోడ మీద నుంచి కిందికి జారి, అడుగున వాలి, మళ్లీ దాని పెదవి దాకా ఎక్కేటప్పుడు కైట్ దాదాపు మౌనంగా ఉంటుంది. లాగేది అలే. తంబురా శ్రుతి మాత్రమే ఇస్తుంటే పాట గొంతులో నుంచి వచ్చినట్టు ఉంటుంది.

ఇక ఫాయిల్. బోర్డు కింద మీటరుకు కాస్త అటూ ఇటూ పొడవున్న కాడ, దాని అడుగున చిన్న విమానానికి ఉన్నట్టు రెక్కలు. కొంచెం వేగం రాగానే ఆ రెక్కలు నీట్లో పైకి ఎత్తుతాయి, బోర్డు నీటిని వదిలేస్తుంది. మొదట తెలిసేది చప్పుడు ఆగిపోవడం. ఆగిపోయాక తెలుస్తుంది అంతవరకు ఎంత చప్పుడుందో. ఎనిమిది నాట్ల గాలి, అంటే గంటకు సుమారు 15 కిలోమీటర్లు, మామూలు బోర్డును ఒడ్డునే కూర్చోబెట్టే గాలి, ఫాయిల్‌కు చాలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ పోటీలు మొదటిసారి జరిగింది ఈ ఫాయిల్ మీదే, మార్సెయ్ సముద్రంలో. బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్‌డ్రిడ్జ్, ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటస్ స్వర్ణాలు గెలిచారు. సింగపూర్ కుర్రాడు మాక్స్ మేడర్ 17 ఏళ్లకే కాంస్యం అందుకున్నాడు. నీటికి ఆనకుండా వరసగా వంగి సాగిపోయే ఆ మనుషులను చూస్తే బోర్డు తన బరువును మరిచిపోయిందనిపిస్తుంది. అయితే ఆ రెక్కల అంచు పదును. పడినప్పుడు దానికి దూరంగా పడటం తెలిసినవాళ్లే, మిగతా బోర్డుల మీద కాళ్లు కుదిరినవాళ్లే దాన్ని తాకాలి.

ఇన్ని రకాలు చూశాక ఏది అందమైనదని నన్ను అడిగితే, మనిషిని చూడకుండా చెప్పలేనంటాను. రామేశ్వరంలో నాకు నేర్పిన ఆయన కూడా ముందే బోర్డు చేతికివ్వలేదు. బరువెంత అన్నారు. ఎక్కడ ఎక్కువగా తిరుగుతావన్నారు. ఆ ద్వీపం సన్నగా ఉంటుంది, ఒకవైపు పాక్ అఖాతం, ఇంకోవైపు మన్నార్ సింధుశాఖ. నైరుతి గాలికీ ఈశాన్య గాలికీ ఎప్పుడూ ఏదో ఒకవైపు నీరు నెమ్మదిగా ఉంటుంది. "ఈ నీటికి బిగుతు బోర్డు ఎందుకు? నీ కాళ్లు ఇంకా వినడం నేర్చుకుంటున్నాయి" అని మెత్తటిదే ఇచ్చారు. ఆ బోర్డు మీదే నేను మొదటిసారి, బయల్దేరిన చోటుకు ఇసుకలో నడవకుండా నీటి మీదే తిరిగి వచ్చాను.

కొనబోయేవాళ్లకు నా మనవి ఒకటే. రంగు చూసి, పోటీలో గెలిచినవాళ్ల కాళ్ల కింద చూసి కొనకండి. నా బరువెంత, నా తీరంలో గాలి ఎంత, నీరు నునుపా గరుకా, నాకు ఆనందం దూరంలో ఉందా, ఎత్తులో ఉందా, అలలో ఉందా అని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నాలుగింటికీ తడుముకోకుండా జవాబు వచ్చేదాకా అద్దె బోర్డు మీదే తిరగండి. వచ్చిన రోజున, కొనే ముందు, దాన్ని గచ్చు మీద పెట్టి చెంప నేలకు ఆనించి ఒక్కసారి చూడండి. ఆ వంపు ఎవరి కోసం గీసిందో అప్పటికి మీకు చదవడం వచ్చి ఉంటుంది.