సంతకానికి ముందు చదవవలసిన పుస్తకం

నా దగ్గర ఎం.ఎస్. చదివి, పేగుల సర్జరీలో మంచి పేరు తెచ్చుకున్న శిష్యురాలు ఈ రాతప్రతి చేతికిచ్చి, "సార్, నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అంది. కూర్చున్నవాణ్ణి చివరి పేజీ దాకా లేవలేదు. పొట్ట మీద బయటపెట్టిన చిన్నపేగును మళ్లీ లోపల కలిపే ఆపరేషన్ గురించి రోగికీ, ఇంటివాళ్లకూ అర్థమయ్యే తెలుగులో ఇంత వివరంగా రాసిన పుస్తకం నా కంటపడలేదు.

ఇలా పేగును బయటపెట్టే ఇలియాస్టమీ ఎందుకు చేస్తామో మొదటి అధ్యాయంలోనే తేటగా చెప్పింది. పురీషనాళం క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి కింద వేసిన అతుకు మానాలన్నా, టైఫాయిడ్‌తోనో టీబీతోనో పేగుకు చిల్లుపడి కడుపంతా చీము పట్టినా, మలాన్ని కొన్నాళ్లు పక్కదారి పట్టించాలి. మాకది ప్రాణం నిలబెట్టిన పని. ఇంటికి వెళ్లిన మనిషికి మాత్రం రాత్రీపగలూ కారే పలచటి మలం, అందులోని జీర్ణరసాలకు పుండుపడి మండే చర్మం, ఎండాకాలంలో ఒంట్లో నీరూ ఉప్పూ పోయి కళ్లు తిరగడం, పెళ్లికీ పేరంటానికీ దూరమైపోవడం. అందుకే వార్డులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "లోపల ఎప్పుడు పెడతారు డాక్టరుగారూ?" మామూలుగా రెండు మూడు నెలలు ఆగుతాం. కీమో నడుస్తుంటే ఇంకా ఆలస్యం. కింది అతుకు గట్టిపడిందని పరీక్ష చేసి చూసుకోకుండా ముట్టుకోం.

రెండో ప్రశ్న: "లేజర్‌తో చేస్తారా, కోస్తారా?" మనవాళ్లు లాప్రోస్కోపీని ఎక్కువగా ఆ పేరుతోనే అడుగుతారు. 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా దేశంలో మొదటిసారి కెమెరా సాయంతో పిత్తాశయం తీశారు. ఆ తర్వాత ఆ పద్ధతి ఊరూరా పాకింది. పక్కింటాయన రెండు రోజుల్లో ఇంటికొచ్చి తిరగడం అందరూ చూశారు. ఆ కొలతతోనే ఈ ఆపరేషన్‌నూ కొలుస్తారు. అది ఇక్కడ అతకదని చెప్పడమే ఈ పుస్తకానికి ప్రాణం.

పిత్తాశయానికైతే పొట్ట మీద పెద్ద కోత తప్పించవచ్చు. ఇక్కడ పొట్ట గోడకు రంధ్రం ముందే ఉంది. కెమెరా పెట్టినా, పెట్టకపోయినా ఆ పేగు చుట్టూ కోయక తప్పదు. నాలుగో అధ్యాయంలో ఆ పనిని ఆమె పక్కన నిలబెట్టి చూపించినట్టు రాసింది: చర్మమూ పేగూ కలిసే అంచు వెంట గుండ్రంగా గాటు, కొవ్వును విడదీసుకుంటూ కండరం పొర దాకా దిగడం, అక్కడ పేగు గోడ చిరగకుండా పొర పొరగా విడిపించడం. పేగు వదులయ్యాక సర్జన్ ఆ సందులోంచి వేలు లోపలికి పోనిచ్చి చుట్టూ తడుముతాడు. వేలికి అందినంతవరకే తెలుస్తుంది. ఆ పైన పేగులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే, లాగి తేవడమో, పొట్ట మధ్యలో పొడుగ్గా కోయడమో చేయాల్సి వస్తుంది. కెమెరా అక్కరకొచ్చేది సరిగ్గా అక్కడే. అంటుకున్న పేగులను కళ్లారా చూసి విడదీయవచ్చు, పేగు మెలిక పడకుండా వెళ్లిందో లేదో చూడవచ్చు, పాత కోత దగ్గర హెర్నియా ఉంటే కనిపెట్టవచ్చు. లావుపాటి పొట్టల్లో ఇది పెద్ద మేలు.

అయితే ఆమె అక్కడ ఆగలేదు. ఐర్లండ్ సర్జన్లు 74 మంది మీద చేసి 2013లో వెలువరించిన పోలికలో కెమెరా వాడినవాళ్లు సుమారు ఒకరోజు ముందు ఇంటికి వెళ్లారు. ఆ మాట చెబుతూనే, అది చిన్న అధ్యయనమనీ గుర్తు చేసింది. కెమెరా పెట్టాలంటే పూర్తి మత్తు కావాలి, పొట్టలోకి గ్యాసు పట్టించాలి, అదనపు పరికరాల ఖర్చు ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న పెద్దాయనకు, పేగు తేలిగ్గా వదులయ్యే పరిస్థితిలో, నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి మామూలు పద్ధతిలో చేయడమే మేలంటుంది. పేగును పూర్తిగా తెంపి ఒకే నోరుగా బయట పెట్టినవాళ్ల సంగతి వేరు. రెండో కొస కడుపులో ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతకడానికి పొడుగాటి కోత తప్పించగలిగితే ఆ లాభం నిజమైనదే. తాను కెమెరాతో చేయడంలో ఆరితేరి ఉండి కూడా ఇలా రాయగలిగిందంటే, గురువుగా నాకు ఇంతకన్నా ఏం కావాలి!

గాయం గురించి రాసిన పేజీలు ప్రతి ఇంటివారూ చదవాలి. చర్మాన్ని పూర్తిగా మూసేయకుండా సంచి మూతికి తాడు బిగించినట్టు గుండ్రంగా కుట్టి, నడుమ చిన్న సందు వదిలేస్తే చీము పట్టడం బాగా తగ్గుతుంది. ఇది తెలియక, "కుట్టు సగంలో వదిలేశారు" అని కంగారుపడి పరిగెత్తుకొచ్చిన వాళ్లను వార్డులో చాలామందిని చూశాను. ఇక హెర్నియా. బ్రిటన్ తదితర దేశాల్లో 790 మంది మీద జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, రెండేళ్లకు ఆ చోట హెర్నియా వచ్చినవారు మామూలు కుట్టుతో నూటికి 20 మంది, జంతు కణజాలపు వల వేస్తే 12 మంది. కోత పెద్దదా, చిన్నదా అని అడిగేవాళ్లు కండరం ఎలా మూస్తారని అడగరు. ఈ పుస్తకం చదివితే అడుగుతారు.

ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజులు పొట్ట ఉబ్బి, వాంతులై, పేగు కదలకపోతే ఏ పద్ధతినీ నిందించనక్కరలేదు. నెలల తరబడి పని లేక సన్నబడిన పేగు మళ్లీ అలవాటు పడాలి. చాలామందికి తర్వాత కొన్ని నెలలు రోజుకు ఎన్నోసార్లు విరేచనాలవుతాయి, ముఖ్యంగా పురీషనాళం తీసేసినవాళ్లకు. ఈ భాగం రెండు పేజీలతో ముగించడం మాత్రం నాకు చాలలేదు. గంజి, మజ్జిగ, పెరుగన్నం, అరటిపండు ఎప్పటినుంచి, కారం ఎన్నాళ్లు మానాలి, ఒరుపు పుట్టిన చోట ఏం రాయాలి, బస్సు ప్రయాణానికి ఎప్పుడు తెగించవచ్చు అన్నవి ఇంటి ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు. రెండో ముద్రణకు ఒక అధ్యాయం వీటికే కేటాయించమని ఆమెకు చెప్పాను. రాస్తానంది. ఆలోగా దీన్ని కొన్నవాళ్లు, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకముందే నాలుగో అధ్యాయం చదివి, అర్థం కానిచోట గీత గీసుకుని, ఆ పేజీతోనే తమ సర్జన్ దగ్గరికి వెళ్లమని నా కోరిక.