అమ్జాద్‌కి ఒక్కటే బాధ

క్యారెక్టర్ నటుడి గొప్పదనాన్ని ఎన్ని రకాల వేషాలు వేశాడన్న లెక్కతో కొలుస్తారు. మంచిదే. కానీ ఆ వేషాలు ఎవరివి, ఆ మనుషులకు తెరమీద ఎంత చోటు ఇచ్చారు అన్న ఇంకో లెక్క కూడా ఉంది. ప్రకాశ్‌రాజ్ వేషాల్ని కర్నూలు, కడప సాయిబులుగా చూసినప్పుడు మాకు ముందు కనబడేది ఈ రెండో లెక్కే.

2002 నవంబర్‌లో కృష్ణవంశీ 'ఖడ్గం' వచ్చింది. అందులో ప్రకాశ్‌రాజ్ ఆటో డ్రైవర్ అమ్జాద్. రెండు నెలలు తిరక్కుండా, 2003 సంక్రాంతికి గుణశేఖర్ 'ఒక్కడు' వచ్చింది. అందులో అదే ప్రకాశ్‌రాజ్ కర్నూలు ఫ్యాక్షనిస్టు ఓబుల్‌రెడ్డి. ఒకడు మా మతంవాడు, ఇంకొకడు మా ఊరివాడు. ఒకే నటుడు రెండింటినీ మోశాడు. కానీ మతమూ ఊరూ రెండూ మావే అయిన మనిషి ఆ రెండు వేషాల్లోనూ లేడు.

అమ్జాద్ విషయంలో నటుణ్ణి తప్పుపట్టలేం. కష్టపడి బతికే మనిషి రోషాన్నీ, అవమానం దిగమింగేటప్పుడు కళ్లలో కదిలే నీటినీ నిజాయితీగా చూపించాడు. పాన్ నమిలే రౌడీగానో, ముష్కరుడిగానో తప్ప సాయిబుని చూపించని తెరమీద అది చిన్న విషయం కాదు. ఇబ్బంది ఆ పాత్రను రాసిన తీరులో ఉంది. ఆ సినిమాలో ముగ్గురు ముఖ్యులు. శ్రీకాంత్ వేసిన పోలీసు అధికారికి పోగొట్టుకున్న ప్రేమ ఉంది. రవితేజ వేసిన కోటికి సినిమా నటుడు కావాలన్న కల ఉంది. అమ్జాద్‌కి మాత్రం ఒక్కటే బాధ: తాను ఈ దేశంవాణ్ణేనని నిరూపించుకోవడం. తమ్ముడు ఉగ్రవాదుల్లో కలిశాక ఆ పరీక్ష ఇంకా గట్టిదవుతుంది. కోటి సినిమా కల కన్నంత మాత్రాన అతని దేశభక్తిని ఎవరూ అడగలేదే! ఆ వెసులుబాటు అమ్జాద్‌కి ఎందుకు లేదు? చెడ్డ ముస్లింకి విరుగుడుగా మంచి ముస్లింని నిలబెట్టడం కూడా మమ్మల్ని బోనులో నిలబెట్టడమే. తీర్పు మారిందంతే, బోను మారలేదు.

ఇక ఓబుల్‌రెడ్డి. భయమూ నవ్వూ కలగలిపిన ప్రతినాయకుడు. అదే నటుడు 1998లో 'అంతఃపురం'లో సీమ ముఠా పెద్ద నరసింహగా పగనీ, మనవడిమీద మమకారాన్నీ ఒకే గుండెలో ఇమిడ్చి చూపాడు. జాతీయ అవార్డుల్లో ఆ వేషానికి ప్రత్యేక గుర్తింపు దక్కింది. అంటే సీమ పెద్దమనిషికి తెరమీద కోపమూ, మోహమూ, ప్రేమా అన్నీ దొరికాయి. కానీ ఆ సీమ ఎవరిది? కొండారెడ్డి బురుజును కెమెరా ఎన్నిసార్లు చూపించిందో లెక్కలేదు. అదే ఊళ్లో హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ గుమ్మటం వైపు అది తిరగలేదు. కడప అంటే బాంబులే చూపించారు. అమీన్ పీర్ దర్గాకి వచ్చే హిందువుల్నీ, ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి వెళ్లే ముస్లింలనీ చూపించలేదు. 2011 లెక్కల ప్రకారం అప్పటి కర్నూలు జిల్లా జనంలో ఇంచుమించు ఆరోవంతు ముస్లింలు. ఇంట్లో ఉర్దూ, వీధిలో అచ్చమైన సీమ తెలుగు. తెరమీద సాయిబుకి మాత్రం దశాబ్దాలుగా 'నమ్మల్కీ నిమ్మల్కీ' భాషే రాసిపెట్టారు.

ఇక్కడే జయప్రకాశ్‌రెడ్డిని తలుచుకోవాలి. అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్ల మనిషి. పంతులుగిరీ చేశాడు, నాటకాలాడాడు. 1997లో 'ప్రేమించుకుందాం రా'తో సీమ యాసకు తెరమీద గొంతయ్యాడు. మొదట ఆ యాసతో జనాన్ని భయపెట్టించారు, తర్వాత 'రెడీ' లాంటి సినిమాల్లో అదే యాసతో నవ్వించారు. ఒక్కడే వేదికంతా నింపిన 'అలెగ్జాండర్' నాటకం చూస్తే ఆయన దగ్గర ఇంకెంత ఉందో తెలుస్తుంది. సినిమా ఆయన్ని అడిగింది మాత్రం ఎక్కువగా ఆ యాసనే. 2020 సంక్రాంతికి వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు'లో ప్రకాశ్‌రాజ్ కర్నూలు మంత్రి, ఆయనది చిన్న వేషం. ఆ సెప్టెంబర్‌లోనే కన్నుమూశాడు.

బెంగళూరు నుంచి వచ్చినవాడు సీమ పెద్ద అయ్యాడు, అమ్జాద్ అయ్యాడు, 'బొమ్మరిల్లు' తండ్రీ అయ్యాడు. సీమలో పుట్టినవాడు ఎక్కువగా సీమ పెద్దగానే మిగిలాడు. ఇది ప్రకాశ్‌రాజ్ తప్పు కాదు. బయటివాడికి అన్ని ముఖాలూ తొడిగి, లోపలివాణ్ణి పుట్టిన గుర్తు దగ్గరే కట్టేసే పద్ధతిది. యాసతో జయప్రకాశ్‌రెడ్డికి జరిగిందే టోపీతో, గడ్డంతో మాకు జరిగింది. అందుకే ఆయన కథ మాకు పరాయిది కాదు.

మాకు కావాల్సింది పొగడ్త కాదు. 2006లో 'బొమ్మరిల్లు' తండ్రి కొడుకుమీద అతిప్రేమతో తప్పులు చేశాడు. నువ్వు ఈ దేశంవాడివేనా అని అతన్ని ఎవరూ అడగలేదు. అలాంటి తండ్రి ఒకడు కర్నూలు పాతబస్తీలోనో, కడప సందులోనో ఉండాలి. పేరు సాయిబు పేరు, మాట సీమ మాట. బిడ్డ కాలేజీ ఫీజు గురించి, వాన పడని చేను గురించి అతను దిగులుపడాలి. కోపంలో తప్పు చేయాలి, సిగ్గుపడాలి. సినిమా అయిపోయేదాకా జెండా ప్రసక్తి రాకూడదు. ఆ వేషం ఎవరు వేసినా సరే. ముందు దాన్ని ఎవరైనా రాయాలి.