కొలిమి ఊరిలో విన్యాసయోగము

1959 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు భిలాయి ఉక్కు కర్మాగారములో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినది మొదలు, శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చి సెక్టార్ల క్వార్టర్లలో కాపురములు పెట్టిన తెలుగు కుటుంబములకు, ఉదయమనగా ఒక వారము పనికి పోవు వేళ, మరియొక వారము పని ముగించి వచ్చి పరుండు వేళ. ఇట్టి జీవితమునకు, ఒక ఆసనమునుండి మరొక ఆసనమునకు దుముకుచు ఎడతెగక సాగెడి అష్టాంగ విన్యాసయోగము ఎంతవరకు హితమన్న ప్రశ్న పుట్టుట సహజము.

ఈ పద్ధతి వేదకాలము నాటిదని చెప్పువారు కలరు. నాకా మాటయందు విశ్వాసము లేదు. 15వ శతాబ్దమునాటి హఠయోగప్రదీపికలో ఆసనములున్నవి గాని, ఒక్కొక్క శ్వాసకు ఒక్కొక్క కదలికను జతపరచి గొలుసుకట్టుగా కూర్చిన ఈ క్రమము అందు కానరాదు. ఇది రూపుదిద్దుకొన్నది మైసూరునందు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆశ్రయమున తిరుమలై కృష్ణమాచార్యులు 1930లలో జగన్మోహన ప్రాసాదపు యోగశాలయందు రాజబంధువులైన బాలురకు దీనిని నేర్పిరి. 1934లో 'యోగమకరంద'మును కన్నడమున వెలువరించిరి. ఆయన శిష్యులు పట్టాభి జోయిస్ 1948లో మైసూరులోనే సంస్థను నెలకొల్పి, 1962లో 'యోగమాల'ను ప్రకటించి, తరువాతి దశకములలో పాశ్చాత్యులకు గురువులైరి. ఈ పద్ధతికి మూలము 'యోగ కొరుంట' యను తాళపత్రగ్రంథమనియు, దానిని చీమలు తినివేసినవనియు ఒక కథ కలదు. చీమల సాక్ష్యముతో ప్రాచీనతను నిరూపింపబూనుట అనవసరము. ఇక సూర్యనమస్కారములందురా, మన వైదికుల ఇండ్లలో అరుణపారాయణముతో చేయు నమస్కారములు ఆరాధన; ఔంధ్ సంస్థానాధీశుడు 1920లలో ప్రచారము చేసినవి వ్యాయామము.

విన్యాసమునకు ప్రాణము వేగము కాదు, ఊపిరి. మొదటి సూర్యనమస్కారమున 9 విన్యాసములు, రెండవదానియందు 17. పూరకముతో (ఊపిరి పీల్చుచు) చేతులు పైకెత్తి, రేచకముతో (ఊపిరి విడుచుచు) ముందునకు వంగి, మరల పూరకముతో తలయెత్తి, రేచకముతో కాళ్లను వెనుకకు దుమికించి చతురంగ దండాసనమున నిలిచి, పూరకముతో ఊర్ధ్వముఖ శ్వానాసనమునకు లేచి, రేచకముతో అధోముఖ శ్వానాసనమునకు మరలి, అచట 5 శ్వాసలు నిలువవలెను. కంఠమును ఇంచుక సంకోచింపజేసిన ఉజ్జాయి శ్వాస కమ్మరి తిత్తివలె సన్నని ధ్వనితో సమముగా సాగవలెను. గుదమును, పొత్తికడుపును లోనికి బిగించెడి మూలబంధ, ఉడ్డీయానబంధములు నడుమునకు ఆధారము కాగా, చూపు నాసాగ్రమునందో నాభియందో నిలువవలెను. ఊపిరి తెగినచో కదలిక ఆగవలెను. పెక్కురు తప్పునది ఇచ్చటనే: దుముకుటయందలి వేడుకలో పడి, ఎగశ్వాసతో రొప్పుచు దానినే యోగమనుకొందురు. వీరఘట్టమున జన్మించిన మల్లయోధులు కోడి రామమూర్తినాయుడుగారు (1882-1942) ఊపిరి బిగించి రొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసులను తెంచెడివారు. ఆ మల్లుని బలమునకును ప్రాణాయామసాధన తోడుగా నుండెనని మన పెద్దలు చెప్పుకొనెడివారు.

చెమటతో దేహమందలి విషములన్నియు కరిగిపోవునను మాట నమ్మదగినది కాదు; ఆ పని ముఖ్యముగా కాలేయ, మూత్రపిండములది. చెమటయే ఆరోగ్యమైనచో కోక్ ఓవెన్ల కడ పనిచేయువారే లోకమునందెల్ల మిక్కిలి ఆరోగ్యవంతులు కావలెను. ఈ సాధన నిజముగా ఒసగునవి భుజములకు, నడుమునకు బలము, కీళ్లకు సులభచలనము, నిలకడగల శ్వాస, దానివలన కలుగు చిత్తవిశ్రాంతి. అజాగ్రత్తగా చేయువారికి మణికట్టులు, మోకాళ్లు, భుజసంధులు నొచ్చుటయు నిజమే.

మైసూరు యోగశాల 1950లో మూతపడగా, కృష్ణమాచార్యులు మద్రాసు చేరి, అచట వృద్ధులకు, రోగులకు, గృహస్థులకు ఒక్కొక్కరి దేహస్థితినిబట్టి వేర్వేరుగా, మెల్లగా నేర్పిరి. బాలురకు దుముకు నేర్పినవారే పెద్దలకు ఆ దుముకును మాన్పిరి! అష్టాంగమును పొగడువారు ఆయన జీవితపు ఈ ఉత్తరార్ధమును విస్మరింతురు. భిలాయి కార్మికునకు ఈ మెల్లని పద్ధతియే మిక్కిలి ఉపయోగకరము. నైట్ షిఫ్టు ముగించి ఇల్లు చేరినవాడు నిద్రకు ముందు నమస్కారములకు పూనుకొనరాదు. నిద్రించి, సాయంకాలము ఖాళీకడుపుతో, దుముకుటకు బదులు ఒక్కొక్క కాలిని వెనుకకు జరుపుచు 3 ఆవృత్తులు చేసి, పశ్చిమోత్తానాసనమున మోకాళ్లు కొంచెము వంచి కూర్చుండి, చివర శవాసనమున కొంతసేపు పరుండినను చాలును. ఎండ 40 డిగ్రీలు దాటెడి మే మాసమున దానినికూడ తగ్గించుకొనవలెను. రక్తపుపోటు గలవారు తలక్రిందులగు ఆసనములను వైద్యుని అడుగక చేయరాదు.