ముసలి పిల్లి తూకం

మా ఇంట్లో ఆదివారం టిఫిన్ల కంటే ముందు జరిగే పని పిల్లిని తూచడం. దాని పేరు చిట్టి, వయసు 14 ఏళ్లు. వెదురు బుట్టలో పాత లుంగీ ముక్క పరిచి, పచారీ కొట్లో వాడే లాంటి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, అంకెని సున్నాకి తెచ్చాక చిట్టిని అందులో కూర్చోబెడతాను. బుట్ట అంటే దానికి ఇష్టం, కదలకుండా ముడుచుకుంటుంది. వచ్చిన బరువుని క్యాలెండర్లో ఆ తేదీ గడిలో, పాల లెక్క పక్కన రాస్తాను.

పిల్లిని ఎత్తుకుని మనుషుల బరువు మిషనెక్కి, ఆనక మన బరువు తీసేసే పద్ధతి చాలామంది చెబుతారు. ముసలి పిల్లికి అది చాలదు. ఆ మిషన్లలో వంద, రెండొందల గ్రాముల తేడా సరిగ్గా తేలదు. మనకి కావలసింది ఆ తేడాయే. చిట్టి చాలాకాలం 3 కిలోల 900 గ్రాముల దగ్గరే ఉండేది. ఆ మధ్య వారం వారం కొంచెం కొంచెంగా దిగుతూ మూడున్నర కిలోలకి వచ్చింది. పోయింది 400 గ్రాములే. కానీ 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గడం ఎంతో, అదీ అంతే.

కంటికి మాత్రం ఏమీ తెలియలేదు. బొచ్చు అంతా కప్పేస్తుంది. అందుకే తూకం అయ్యాక చేత్తో తడిమి చూడాలి. బొటనవేళ్లు వెన్ను మీద ఉంచి, మిగతా వేళ్లతో రెండు డొక్కలూ మెల్లగా తడమండి. నొక్కకుండానే పక్కటెముకలు వేళ్లకి తగిలి, వాటి మీద పలచటి పొర ఉన్నట్టనిపిస్తే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు. వెతుక్కోవలసి వస్తే కొవ్వెక్కువ. తర్వాత వెన్నుపూస, భుజాల ఎముకలు. ముసలి పిల్లి మొదట కండ పోగొట్టుకునేది ఇక్కడే. పొట్ట కింద వేలాడే చర్మపు సంచిని చూసి బాగానే ఉందనుకోకూడదు, అది సన్నటి పిల్లులకీ ఉంటుంది. పొట్ట నిండుగా ఉండి వెన్ను మొనలు గుచ్చుకునే పిల్లులూ ఉంటాయి. డాక్టర్లు ఒళ్లుకి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు, 5 అంటే సరిగ్గా ఉన్నట్టు. కండని మాత్రం విడిగా చూస్తారు.

చిట్టి తగ్గుతోందంటే అమ్మ, "ముసల్దైపోయింది కదే, తగ్గదా మరి? మీ నాయనమ్మ చివర్లో ఎలా అయిపోయిందో చూశావుగా" అంది.

"నాయనమ్మ తిండి మానేసిందమ్మా. ఇది గిన్నె నాకేసి ఇంకా పెట్టమని అరుస్తోంది" అన్నాను.

అసలు సంగతంతా అందులోనే ఉంది. బాగా తింటూ చిక్కిపోతుంటే వయసు అని సరిపెట్టుకోకూడదు. పెద్ద వయసు పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం మామూలుగా కనిపించే జబ్బు. వైద్య పత్రికల్లో 1979లో మొదటిసారి దీన్ని వివరించారు. ఆకలి పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, కొన్ని పిల్లులు రాత్రిళ్లు అరుస్తూ ఇల్లంతా తిరుగుతాయి. చూసేవాళ్లకి ముసల్దానికి హుషారొచ్చిందనిపిస్తుంది. నీళ్ల గిన్నె త్వరగా ఖాళీ అవుతూ, ఉచ్చ ఎక్కువ పోస్తుంటే కిడ్నీలనో షుగర్‌నో అనుమానించాలి. గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెళ్లిపోతుంటే, లేదా ఒక పక్కనే నములుతుంటే పళ్లు చూపించాలి. ఇవన్నీ ముసలితనం ఖాతాలో కొట్టుకుపోతాయి. వీటిలో చాలావాటికి మందుంది కాబట్టే నాకు బాధ. చిట్టి రక్త పరీక్షలో తేలింది థైరాయిడే. ఇప్పుడు రెండు పూటలా మాత్ర వేస్తున్నాం, బరువు మళ్లీ ఎక్కుతోంది.

జబ్బు లేకపోయినా పిల్లి ఒంటికి ఒక దారి ఉంది. నడివయసులో ఒళ్లు చేస్తుంది. 11, 12 ఏళ్లు దాటాక చాలా పిల్లులకి కొవ్వునీ మాంసకృత్తుల్నీ అరిగించుకునే శక్తి తగ్గి, బరువు జారుతుంది. అప్పుడు మన ఇళ్లలో పెట్టే పాలన్నం, పెరుగన్నం చాలవు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పదార్థం తగినంతగా దాని ఒంట్లో తయారు కాదు, మాంసం నుంచే రావాలి. పాలు ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పడవు, విరేచనాలవుతాయి. ఉప్పు దట్టించిన ఎండుచేప తలకాయలు అరిగిన కిడ్నీలకి మంచివి కావు. కూరలోంచి తీసిన ముక్క అసలొద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి నెత్తుటి కణాల్ని పాడుచేస్తాయి.

మేం ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి ముక్కల్ని చేత్తో చిదిమి, ఉడికిన నీళ్లతో సహా పెడతాం, ఎందుకంటే టారిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. అలాగని కోడిమాంసం ఒక్కటే అన్ని పోషకాలూ ఇవ్వదు. ప్యాకెట్‌లో వచ్చే సంపూర్ణాహారం ముఖ్యంగా ఉండాలి, ఇది తోడుగా. ఫ్రిజ్‌లోంచి తీసింది గోరువెచ్చగా చేస్తే వాసన లేచి, ముక్కు మందగించిన పిల్లి కూడా గిన్నె దగ్గరికి వస్తుంది. కీళ్లు పట్టేసిన దానికి గిన్నె చిన్న పీట మీద పెడితే మెడ వంచక్కర్లేదు.

ఒళ్లు చేసిన ముసలి పిల్లి సంగతి వేరు. దాన్ని పస్తు పెట్టకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా కాలేయంలోకి చేరి, ఆ అవయవమే దెబ్బతింటుంది. వారానికి ఒక శాతం తగ్గితే చాలు, ఆరు కిలోల పిల్లికి అది 60 గ్రాములు. డ్రై ఫుడ్‌ని గుప్పెళ్లతో కాకుండా కాటా మీద తూచి పెట్టాలి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే గిన్నెలు వేరే గదుల్లో ఉండాలి.

వచ్చే నెల చిట్టికి మళ్లీ రక్త పరీక్ష ఉంది. అతిగా పనిచేసే థైరాయిడ్ కిడ్నీలకి రక్తం ఎక్కువగా తోలుతుందట, దాంతో వాటి అరుగుదల పైకి తెలియదు. మందు పనిచేశాకే వాటి నిజమైన పరిస్థితి బయటపడుతుందని డాక్టరు ముందే చెప్పారు. అప్పటిదాకా కోడి ముక్క తగ్గించొద్దన్నారు. క్యాలెండర్ కాగితాలు కూడా తెమ్మన్నారు.