ఓర్పుకి అయ్యే ఖర్చు

నాలుగు మ్యాచ్‌లు ఓడిపోగానే కోచ్‌ని సాగనంపిన వార్త ఈ వారం కూడా ఒకటి వచ్చింది. కొత్త కోచ్ ఎక్కడెక్కడ ఏం గెలిచాడో వివరాలు, ఇక తమ దశ తిరిగినట్టేనని యజమాని ధీమా, అన్నీ మామూలే. ఈ కాలమ్‌కి అలవాటుపడ్డవాళ్ళకి నా చిరాకూ మామూలే. సంగీతమైనా, చేనేతైనా, ఆటైనా పని చేతికి పట్టుబడాలంటే ఏళ్ళు కావాలనీ, పదేళ్ళ పనిని పది వారాల్లో తూకం వెయ్యకూడదనీ నేను ఎన్నిసార్లు రాశానో పాఠకులే చెప్పగలరు. ఆ వాదానికి స్కాట్లాండ్‌లోని డండీ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్‌ని మించిన సాక్షి దొరకదు. ఆ క్లబ్ 1982-83 సీజన్‌ని చూపించి, ఓర్పు ఉంటే చిన్న ఊరి జట్టు కూడా దేశానికి చాంపియన్ అవుతుందని అనెయ్యడం చాలా తేలిక. ఈసారి ఆ సాక్షిని కాస్త తీరిగ్గా ప్రశ్నించి చూద్దాం. మనకి అనుకూలంగా చెప్పే సాక్షినే రెండు ప్రశ్నలు ఎక్కువ అడగాలి కదా.

ముందు ఆ ఊరి సంగతి. డండీ స్కాట్లాండ్ తూర్పు తీరంలో టే నది సముద్రంలో కలిసే చోట ఉంది. మన గోనెసంచికి ఆ ఊరు దూరపు చుట్టం. పందొమ్మిదో శతాబ్దంలో బెంగాల్ జనపనారని ఓడల మీద తెప్పించుకుని, తిమింగలం నూనెతో మెత్తబరిచి, గోనెపట్టా నేసి లోకమంతటికీ అమ్మింది డండీయే. తర్వాత ఆ యంత్రాలూ వాటి పని తెలిసిన స్కాట్ మేస్త్రీలూ హుగ్లీ నది ఒడ్డుకి చేరారు. అక్కడి మిల్లుల్లో కూలికి మన గంజాం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగువాళ్ళు రైలెక్కి వెళ్ళారు. కలకత్తా గోనె చవక కావడంతో డండీ మిల్లులు క్రమంగా చిక్కిపోయి, 1980ల మొదటికి ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. జనాభా రెండు లక్షలు కూడా లేని ఆ ఊళ్ళో రెండు పెద్ద క్లబ్‌లు. ఊరి పేరే పెట్టుకున్న డండీ క్లబ్ మైదానం డెన్స్ పార్క్, యునైటెడ్ వాళ్ళ మైదానం టానడైస్ ఒకే వీధిలో ఉన్నాయి. ఒక గేటు దగ్గర నిలబడి చూస్తే రెండో మైదానం కనిపిస్తుంది. డండీ క్లబ్ 1962లోనే లీగ్ గెలిచింది. యునైటెడ్‌కి 1979 దాకా చెప్పుకోదగ్గ ట్రోఫీ ఒక్కటీ లేదు. ఒకే వీధిలో అన్నకీ తమ్ముడికీ ఉండే తేడా అది.

1971 డిసెంబరులో యునైటెడ్ మేనేజర్‌గా వచ్చిన జిమ్ మెక్‌లీన్ అదే వీధిలో అవతలి క్లబ్‌కి కోచ్‌గా పనిచేసినవాడు. అప్పటికి వయసు 34. ఆటగాడిగా పెద్ద పేరేమీ లేదు. వృత్తిరీత్యా వడ్రంగి. వడ్రంగులకి తెలిసిన మొదటి పాఠం కలప ఆరాలన్నది. పచ్చి చెక్కతో తలుపు బిగిస్తే మొదటి వానాకాలానికే వంకరపోతుంది. ఆరేదాకా నీడన పెట్టి కాచుకోవాల్సిందే. మెక్‌లీన్ జట్టుని అలాగే తయారుచేశాడు. స్కాట్లాండ్ అంతా తిరిగి బడి వయసు కుర్రాళ్ళని ఎంచి తెచ్చాడు. డేవిడ్ నేరీ 1973లోనే జట్టులోకి వచ్చాడు. పాల్ స్టరాక్, డేవీ డాడ్స్, జాన్ హోల్ట్, బిల్లీ కిర్క్‌వుడ్, రాల్ఫ్ మిల్న్, మారిస్ మాల్పస్ ఒకరి వెనక ఒకరు అక్కడే ఎదిగారు. కొన్నవాళ్ళ విషయంలోనూ అదే చూపు. పాల్ హెగార్టీని హామిల్టన్ క్లబ్ నుంచి తెచ్చినప్పుడు అతను ఫార్వర్డ్. అతనిలో సెంటర్ డిఫెండర్ ఉన్నాడని పసిగట్టి, వెనక్కి జరిపి, చివరికి కెప్టెన్‌ని చేశాడు. వచ్చిన ఎనిమిదేళ్ళకి, 1979 డిసెంబరులో, లీగ్ కప్ రూపంలో మొదటి ట్రోఫీ వచ్చింది. ఇవాళ్టి యజమానులైతే అప్పటికి ఆరుగురు మేనేజర్లని మార్చి ఉండేవారు.

ఆ కలప ఆరి తలుపైన ఏడాది 1982-83. పది జట్ల ప్రీమియర్ డివిజన్, ప్రతి జట్టుతోనూ నాలుగేసి ఆటలు, మొత్తం 36. యునైటెడ్ 24 గెలిచి, ఎనిమిది డ్రా చేసి, నాలుగే ఓడింది. కొట్టిన గోల్స్ 90. గెలుపుకి రెండే పాయింట్లిచ్చే రోజులు కాబట్టి మొత్తం 56 పాయింట్లు; సెల్టిక్‌కీ ఆబర్డీన్‌కీ చెరి 55. సీజన్ బరువంతా మోసింది పద్నాలుగు మంది. ఏప్రిల్ 20న గ్లాస్గో వెళ్ళి, రిచర్డ్ గాఫ్‌ని రిఫరీ బయటికి పంపాక పది మందితో ఆడుతూ సెల్టిక్‌ని 3-2తో ఓడించారు. టైటిల్ ఆశ గట్టిపడింది అక్కడే. చివరి ఆట మే 14న, వీధిలో అవతలి డెన్స్ పార్క్‌లోనే పడింది. గెలిస్తే ఎవరి లెక్కతోనూ పని లేదు. డ్రా అయితే గోల్స్ తేడా లెక్కలు తీయాలి. ఆట మొదలైన కాసేపటికే మిల్న్ బంతితో మధ్యలోంచి దూసుకొచ్చాడు. ముందు రోజే అతనికి 22 నిండాయి. ఎదురుగా గోల్‌కీపర్ గీత వదిలి కాస్త ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఆ దూరం నుంచి ఎవరైనా బలం కొద్దీ తంతారు. మిల్న్ బంతి అడుగుకి కాలు మెల్లిగా తగిలించి పైకి లేపాడు. అది గోల్‌కీపర్ తల దాటి, బార్ కిందికి వంగి, వలలో పడింది. కొద్దిసేపటికి ఈమన్ బానన్ కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేశాడు కానీ, వెనక్కి వచ్చిన బంతిని బాననే మళ్ళీ అందుకుని లోపలికి కొట్టాడు. సగం ఆట కాకముందే డండీ ఒకటి తిరిగి ఇచ్చింది. ఆ తర్వాత యునైటెడ్ అభిమానులు గడియారం చూస్తూ గడిపారు. అదే వేళకి సెల్టిక్ రెండు గోల్స్ వెనకబడి కూడా రేంజర్స్ మీద 4-2తో గెలిచింది, ఆబర్డీన్ హైబర్నియన్‌కి అయిదు కొట్టింది. 2-1 నిలబడింది కాబట్టి సరిపోయింది.

ఇదొక్క క్లబ్ అదృష్టం అనుకోవడానికి లేదు. మూడు రోజుల ముందు, మే 11న, ఇంకో తూర్పు తీరపు ఊరి క్లబ్ ఆబర్డీన్ గోథెన్‌బర్గ్‌లో రియల్ మాడ్రిడ్‌ని 2-1తో ఓడించి యూరప్ కప్ విన్నర్స్ కప్ ఎత్తుకొచ్చింది. దాని మేనేజర్ అలెక్స్ ఫెర్గుసన్ 1978 నుంచి అక్కడ పాతుకున్నవాడు. జట్టులో అందరూ స్కాట్ కుర్రాళ్ళే. మరుసటి ఏడు యునైటెడ్ యూరోపియన్ కప్ సెమీఫైనల్ దాకా వెళ్ళి, రోమాని సొంత గడ్డ మీద 2-0తో ఓడించి, ఇటలీలో 0-3తో వెనుదిరిగింది. ఓర్పు గురించి వ్యాసం రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఇక్కడ చుక్క పెట్టేసి, ఈ వారం కోచ్‌ని తీసేసిన యజమానికి నాలుగు చీవాట్లు వేసి ముగించొచ్చు.

కానీ కలపకి కాంట్రాక్టు ఉండదు, కుర్రాడికి ఉంటుంది. మెక్‌లీన్ పద్ధతిలో సగం శిక్షణ అయితే మిగతా సగం సంతకం. ఎదుగుతున్న కుర్రాళ్ళ చేత ఏళ్ళ తరబడి సాగే ఒప్పందాల మీద సంతకాలు పెట్టించడం ఆ క్లబ్ విధానం. అసలు జీతం తక్కువ, గెలుపు బోనస్ ఎక్కువ. జట్టు గెలిచినా ఆట రంజుగా లేదని బోనస్ ఆపేసిన సందర్భం కూడా ఉంది. దానికి తోడు నాటి ఫుట్‌బాల్ చట్టమే క్లబ్ పక్షం. ఒప్పందం గడువు తీరిన ఆటగాడిని సైతం కొత్త క్లబ్ ఊరికే తీసుకోలేదు. పాత క్లబ్‌కి డబ్బు కట్టాల్సిందే. 1995 డిసెంబరులో బోస్‌మన్ కేసులో యూరోపియన్ కోర్టు తీర్పు ఇచ్చాకే ఆ పద్ధతి కూలింది. అంటే 1983 నాటి ఓర్పులో క్లబ్‌కి పెద్ద ఖర్చేమీ లేదు. కుర్రాడు ఎటూ పోడు కాబట్టి పదేళ్ళయినా కాచుకోవచ్చు. కాచుకునే ఖర్చు కుర్రాడి జీతంలోంచి, అతని ఆట వయసులోంచి పోయేది. ఫుట్‌బాలర్‌కి ఆట వయసు ఎంత, మహా అయితే పదిహేనేళ్ళు. నిజం తెలియాలంటే రెండు జీవితాలు పక్కపక్కన పెట్టి చూడండి. 1983లోనే రేంజర్స్ మెక్‌లీన్‌ని మేనేజర్‌గా రమ్మంది. ఆయన ఆలోచించుకుని, వద్దని టానడైస్‌లోనే ఉండిపోయాడు. మూడేళ్ళకి అదే రేంజర్స్ గాఫ్ కోసం వచ్చింది. గాఫ్‌కి వెళ్ళాలని ఉంది. స్కాట్లాండ్‌లో పోటీదారుకి అమ్మేది లేదని యునైటెడ్ పట్టుబట్టి, అతన్ని లండన్‌లోని టాటెన్‌హామ్‌కి అమ్మింది. ఇంకో ఏడాదికి అక్కడి నుంచి గ్లాస్గోలోని రేంజర్స్‌కే చేరాడు. మేనేజర్‌కి కాదనే స్వేచ్ఛ ఉంది. ఆటగాడికి ఔననే స్వేచ్ఛ లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. అదే చట్టం, అవే సంకెళ్ళు స్కాట్లాండ్‌లో అన్ని క్లబ్‌లకీ ఉన్నాయి. మరి 1983లో గెలిచింది యునైటెడే ఎందుకని అడగొచ్చు. నిజమే, తాళం వేసినంత మాత్రాన తలుపు తయారుకాదు. హెగార్టీలో డిఫెండర్‌ని చూసిన కన్ను చట్టం ఇవ్వలేదు. పట్టి ఉంచే హక్కు అందరికీ ఉన్నా, పట్టి ఉంచినవాళ్ళకి పని నేర్పే సత్తా కొద్దిమందికే ఉంది. ఆ నేర్పుని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. రెండో అభ్యంతరం ఆటగాళ్ళు బాగుపడలేదా అన్నది. బాగుపడ్డారు. నేరీ 1982 ప్రపంచ కప్‌లో సెవిల్‌లో బ్రెజిల్ మీద గోల్ కొట్టాడు. ఆ ఆట స్కాట్లాండ్ 4-1తో ఓడినా ఆ గోల్‌ని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మాల్పస్ ఒకపక్క ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతూ ఆడి, 2000 దాకా యునైటెడ్‌లోనే ఉండి, స్కాట్లాండ్‌కి 55 సార్లు ఆడాడు. అతన్ని ఎవరూ కట్టేసి ఉంచారనుకోను. అయితే ఇష్టంగా ఉండిపోయినవాడి కథ, వెళ్ళాలనుకున్నవాడిని ఆపడానికి సమర్థన కాదు. ఉమ్మడి కుటుంబంలో సుఖపడ్డ పెద్ద కోడలి మాటని సాక్ష్యంగా తెచ్చి చిన్న కోడలి నోరు మూయించడం మనకి తెలియని విద్యేమీ కాదు.

మూడో అభ్యంతరమే అందరూ అసలు అనుకునేది. ఆటగాళ్ళకి స్వేచ్ఛ వచ్చింది, చిన్న క్లబ్‌లు చచ్చాయి, కాబట్టి ఆ పాత కట్టుబాటే మేలంటారు. తేదీలు దీనికి ఒప్పుకోవు. గ్లాస్గో బయటి క్లబ్ స్కాట్లాండ్ లీగ్ గెలవడం 1985లో ఆబర్డీన్‌తో ఆగిపోయింది. 1986 నుంచి 2025 దాకా టైటిల్ సెల్టిక్, రేంజర్స్ మధ్యే తిరిగింది. బోస్‌మన్ తీర్పు 1995ది. స్వేచ్ఛ రావడానికి తొమ్మిదేళ్ళ ముందే తలుపు మూసుకుంది. మూసింది గ్రేమ్ సూనెస్ మేనేజర్‌గా వచ్చాక రేంజర్స్ గుమ్మరించిన డబ్బు. ఇంగ్లండ్ జట్టు ఆటగాడు టెరీ బుచర్‌నే కొని తెచ్చిన డబ్బు. మెక్‌లీన్ 1993 దాకా అదే కుర్చీలో, అదే ఓర్పుతో, అవే ఒప్పందాలతో ఉన్నాడు. 1987లో బార్సిలోనాని రెండు చోట్లా ఓడించి యూఏఫా కప్ ఫైనల్‌కి వెళ్ళి ఓడాడు. స్కాటిష్ కప్ ఫైనల్స్ ఆరు ఓడాడు, అందులో 1991 నాటిది సొంత తమ్ముడు టామీ మేనేజర్‌గా ఉన్న మదర్‌వెల్ చేతిలో. లీగ్ మళ్ళీ రాలేదు. కాబట్టి సంకెళ్ళు చిన్న క్లబ్‌ని కాపాడాయన్న మాట నిలవదు. డబ్బు రానంతకాలం పనికొచ్చాయి, డబ్బు రాగానే పనికిరాకుండా పోయాయి.

ఇంత దూరం వచ్చాక నాకు తోచిన సంగతి నా పాత పాటకి పూర్తిగా శ్రుతి కలవదు. కోచ్‌కి పదేళ్ళివ్వాలన్న మాట వదులుకోను. కానీ ఓర్పు గొప్పదనం కాచుకునేవాడు ఏం పణం పెడుతున్నాడన్న దాన్ని బట్టే ఉంటుంది. ఎవడూ వెళ్ళలేని ఇంట్లో పదేళ్ళు కాపురం నిలిచిందని మెచ్చుకోవడంలో అర్థం లేదు. వెళ్ళగలిగినవాడు ఉండిపోయేలా నేర్పించగలిగితే అదీ విద్య. అలాంటి క్లబ్‌కి ట్రోఫీలు తక్కువే రావచ్చు. 2013లో ఇదే యునైటెడ్ క్వీన్స్ పార్క్ నుంచి ఆండీ రాబర్ట్‌సన్ అనే పందొమ్మిదేళ్ళ లెఫ్ట్‌బ్యాక్‌ని తెచ్చింది. ఒక్క సీజన్ ఆడించి, 2014లో ఇంగ్లండ్‌లోని హల్ సిటీకి అమ్మేసింది. 1983 నాటి పద్ధతైతే అతను మంచి వయసంతా టానడైస్‌లో ఆడి, ఊళ్ళో దేవుడయ్యేవాడేమో. వెళ్ళనిచ్చారు కాబట్టి లివర్‌పూల్ చేరి, 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచాడు. యునైటెడ్ మాత్రం 2016లో కింది డివిజన్‌కి జారింది. ఆ క్లబ్‌కి నేటికీ ఉన్న పై డివిజన్ లీగ్ టైటిల్ 1983 నాటిదొక్కటే. క్లబ్‌కి ఇది నష్టమే, ఆ ఊరి అభిమానికి కడుపుకోతే. అయినా ఈ లెక్కలో నా ఓటు కుర్రాడికే.