మామూలు సైకిల్ అంటే ఏ సైకిల్?

ముందు చక్రం మనిషి ఛాతీ దాకా వస్తుంది, వెనక చక్రం ఆడుకునే పిల్లల బండికి సరిపోయేంతే ఉంటుంది. 1870ల్లో ఇంగ్లండ్ వీధుల్లో తిరిగిన ఈ వింత వాహనానికి తన కాలంలో ప్రత్యేకంగా పేరంటూ అవసరం పడలేదు. సైకిల్ అంటే అదే. పెడళ్లను నేరుగా ముందు చక్రం ఇరుసుకే బిగించేవారు కాబట్టి, ఒక్క తొక్కుకు ఎక్కువ దూరం పోవాలంటే చక్రాన్ని పెంచడమే దారి. ఎంత పెంచాలన్నది ఎక్కేవాడి కాళ్ల పొడవు తేల్చేది. దారిలో రాయి అడ్డం పడితే మనిషి హ్యాండిల్ మీదుగా తలకిందులుగా వెళ్లి పడేవాడు.

1885లో కొవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిల్ తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు. పెడళ్ల నుంచి గొలుసు వెనక చక్రాన్ని తిప్పుతుంది. అలాంటి సైకిళ్లను ‘సేఫ్టీ’ అన్నారు. పడితే ప్రాణానికి ముప్పు తక్కువని ఆ పేరే చెబుతోంది. కొత్తదానికి పేరొచ్చాక పాతదానికీ ఒక పేరు కావాల్సి వచ్చింది. అప్పుడది ‘ఆర్డినరీ’ అయింది. ఎక్స్‌ప్రెస్‌లు వచ్చేదాకా మన ఊరి బస్సుని ఎవరైనా ఆర్డినరీ బస్సు అన్నారా? ఆ తర్వాత ఆర్టీసీ దానికి ‘పల్లెవెలుగు’ అని అందమైన పేరు పెట్టింది. ఇంగ్లండ్ సైకిల్‌కి దక్కిన రెండో పేరు అంత మర్యాదైనది కాదు. పెన్నీ పెద్ద నాణెం, ఫార్దింగ్ చిన్న నాణెం. రెండూ పక్కపక్కన పెట్టినట్టుందని ‘పెన్నీ-ఫార్దింగ్’ అన్నారు. ఆ మాట అచ్చులో కనిపించింది 1890ల్లో, సైకిలేమో అప్పటికే మూలకు చేరుతోంది. ఇవాళ మ్యూజియంలో దాన్ని చూసే పిల్లలకు తెలిసినది ఈ ఎగతాళి పేరే.

మరి ‘సేఫ్టీ’ ఏమైంది? గెలిచింది, కాబట్టే మాయమైంది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చి కుదుపులూ తగ్గించాక అందరూ కొన్నది ఈ రకమే. సైకిళ్లన్నీ సేఫ్టీలే అయ్యాక ఆ ముక్క చెప్పడం దండగ. పోలండ్‌లో మాత్రం స్టార్లీ సరుకు గుర్తు నిలిచిపోయింది. అక్కడ ఏ కంపెనీ సైకిలైనా సరే, దాన్ని పిలిచే మాట ‘రోవెర్’.

అమెరికా వాళ్లు పేర్లు పెట్టడంలో ఇంకా ఉదారులు. 1950ల్లో అక్కడికి దిగుమతైన మూడు గేర్ల బ్రిటిష్ సైకిల్‌ని ‘ఇంగ్లిష్ రేసర్’ అనేవారు. మడ్‌గార్డులతో, నిటారుగా కూర్చుని బజారుకు వెళ్లే ఆ సైకిల్‌కీ పందేలకూ సంబంధమే లేదు. లావుపాటి టైర్ల అమెరికా సైకిళ్ల పక్కన సన్నగా, చురుగ్గా కనిపించింది, అంతే. 1970లు వచ్చేసరికి హ్యాండిల్ కిందికి వంగితే చాలు, అది ‘టెన్ స్పీడ్’. ఇప్పుడు ఒక్క వెనక చక్రానికే పదకొండూ పన్నెండూ గేర్లుంటున్నాయి కాబట్టి ఆ లెక్క దానంతటదే చెల్లకుండా పోయింది.

అన్నిటికంటే ఆసక్తికరమైనది మౌంటెన్ బైక్ కథ. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లను బాగుచేసుకుని కొండదారుల్లో కిందికి దూసుకెళ్లేవారు. వాటిని వాళ్లు పిలుచుకున్న పేరు ‘క్లంకర్’, మన మాటల్లో డొక్కు బండి. 1976లో మొదలైన వాళ్ల పందెం పేరు ‘రీప్యాక్’. దిగువకు చేరేసరికి బ్రేకు వేడికి హబ్‌లోని గ్రీజు కాలిపోయి, మళ్లీ కూరాల్సి వచ్చేది, అందుకని. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి ‘మౌంటెన్‌బైక్స్’ అని కంపెనీ పెట్టారు. ఆ పేరును తమ సొంత ట్రేడ్‌మార్కుగా నిలబెట్టుకోలేకపోయారు. వాళ్లకు నష్టమే కావచ్చు, ప్రపంచానికి మాత్రం ఒక మాట ఉచితంగా దొరికింది.

ఆ మాట తెలుగునాటికి వచ్చి గడప దగ్గరే ఆగింది. ఎందుకంటే ఇక్కడ ‘బైక్’ అంటే మోటార్ సైకిల్. ఆ కుర్చీ ఎప్పుడో నిండిపోయింది. అందుకే మన దుకాణాల్లో అది ‘గేర్ సైకిల్’ అయింది, చాలాచోట్ల ‘రేంజర్’ అయింది. రేంజర్ నిజానికి హీరో కంపెనీ మోడల్. లావు టైర్లూ, అడ్డంగా తిన్నగా ఉండే హ్యాండిలూ కనిపిస్తే ఏ కంపెనీదైనా రేంజరేనని ఊళ్లు తీర్మానించాయి. పోలండ్ వాళ్లు చేసింది కూడా సరిగ్గా ఇదే.

మద్రాసులో 1949లో టీఐ, సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూథియానాలో 1956లో హీరో మొదలైనప్పుడు సైకిల్ అంటే నల్లటిది, బరువైనది, పాల క్యాన్లూ గడ్డిమోపులూ మోసేది. రంగుల సైకిళ్లు పెరిగాక వ్యాపారులు దీన్ని ‘స్టాండర్డ్’ అనీ, వాటిని ‘ఫ్యాన్సీ’ అనీ విడదీశారు. ఇంట్లోనేమో అది ‘పెద్ద సైకిల్’, కాస్త మర్యాద తక్కువైతే ‘పాత మోడల్’. చీరకూ లంగాకూ అడ్డం రాకుండా కడ్డీని కిందికి దించినది ‘లేడీస్ సైకిల్’. దాని మీద మగపిల్లలు కూడా బడికి వెళ్తున్నా ఆ పేరు మారలేదు. చైనాలో మన పెద్ద సైకిల్ లాంటిదాన్ని 28 అంగుళాల చక్రం, పెద్ద కడ్డీ గుర్తుగా ‘ఇరవై ఎనిమిది పెద్ద కడ్డీ’ అంటారు. కవిత్వం లేకపోయినా, అన్ని పేర్లలోకీ నిజాయితీ ఉన్నది అదే.

అమెరికాలో పుట్టిన మనవడు ఫోన్‌లో “అమ్మమ్మా, నాకు బైక్ కొన్నారు” అంటే గుంటూరులో అమ్మమ్మ ఉలిక్కిపడుతుంది. ఎనిమిదేళ్లవాడికి బైకేమిటని. ఇది నవ్వుకునే గందరగోళం. బ్యాటరీ వచ్చాక పుట్టినది మాత్రం డబ్బుతో కూడినది. తొక్కుతుంటే మోటారు సాయం చేసే సైకిల్‌నీ, అసలు పెడళ్లే లేని బండినీ బోర్డుల మీద ఒకే పేరుతో ‘ఎలక్ట్రిక్ బైక్’ అని రాస్తున్నారు. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే మన చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కించదు. దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్సు, హెల్మెట్ అన్నీ కావాలి. కొనేముందు బోర్డు మీది పేరు చూడకండి. ఆ రెండు అంకెలూ అడిగి, బిల్లు మీద రాయించుకోండి.