కోసినవాడిదే విమానం

ఎమ్మిగనూరులో ఏ స్టేషనరీ కొట్టుకైనా వెళ్లి థర్మోకోల్ షీటు అడగండి. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న తెల్లపలక చేతికిస్తారు. బడిపిల్లల సైన్సు మోడలుకో, వినాయకుడి మండపానికో, పెళ్లి స్టేజీ మీద అక్షరాలకో అని కొట్టువాడి లెక్క. నా లెక్క వేరు. అందులో ఒక విమానం ఉంది. రిమోట్ పుల్ల కదిపితే ఒరిగి మలుపు తిరిగేది, మోటారు ఆపితే తేలుతూ వచ్చి పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేనులో పొట్ట మీద దిగేది. దాన్ని ఒక్క బ్లేడుతో బయటికి తీయగల చేతులంటే నాకు వల్లమాలిన అభిమానం.

సామాను సంగతి గబగబా చెప్పేస్తాను. థర్మోకోల్ గింజలు గింజలుగా ఉంటుంది, కోస్తే రాలుతుంది. యూరప్‌లో చెక్క ఫ్లోరింగు కింద పరిచే డెప్రాన్ షీటు నున్నగా, గట్టిగా ఉండటంతో అక్కడి మోడలర్లు దాన్ని పట్టుకున్నారు. అమెరికావాళ్లు రెండువైపులా కాగితం అంటిన ఫోమ్ బోర్డు పట్టుకున్నారు. మన దగ్గర బయోఫోమ్ పేరుతో అమ్మే షీటు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. అదీ లేకపోతే థర్మోకోల్‌కే పాత పేపరును నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటిస్తే సరిపోతుంది. ఒకవైపే అంటిస్తే ఆరేసరికి పలక వంకర తిరుగుతుంది కాబట్టి రెండువైపులా అంటించాలి. ఫెవిక్విక్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, ఫోమ్‌ను తినేస్తుంది. తోక మీద కదిలే రడ్డర్, ఎలివేటర్లను సర్వో అనే చిన్న మోటారుకు కలిపే కడ్డీకి సైకిల్ స్పోకును మించినది లేదు. రెక్క లోపల వెన్నెముకగా వెదురు బద్ద చాలు.

రెక్క దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. చదునుగా కోసిన పలక కూడా ఎగురుతుంది, కానీ వేగం తగ్గగానే ఉన్నట్టుండి కూలబడుతుంది. ఆ జబ్బుకు మందు కనిపెట్టినవాడు ఇంజనీరు కూడా కాదు. న్యూయార్క్‌లో ప్రకటనల కంపెనీలో బొమ్మలు గీసే రిచర్డ్ క్లైన్ తన కొడుకు కోసం కాగితం విమానం మడుస్తూ రెక్కలో ఒక మెట్టు పెట్టాడు. అది ఎదురుగాలికి కూడా తొణకలేదు. పైలట్ అయిన ఫ్లాయిడ్ ఫోగెల్‌మన్ దాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఇద్దరూ కలిసి 1972లో పేటెంట్ సంపాదించారు. తర్వాత విండ్ టన్నెళ్లలో పరీక్షించినవాళ్లు పైకి లేపే లిఫ్టుతో పోలిస్తే వెనక్కి లాగే డ్రాగ్ ఎక్కువని పెదవి విరిచారు. పెద్ద విమానాల సంగతి వాళ్లిష్టం. మన మీటరు రెక్క విమానానికి ఆ మెట్టు వరం. కింద ఒక పూర్తి షీటు, పైన ముందు సగానికి మాత్రమే ఇంకో షీటు అంటిస్తే చాలు. రెండు పొరలు కలిసేసరికి రెక్క గట్టిపడుతుంది, మెట్టు వల్ల నిదానంగా పోతున్నా గాలి జారిపోదు. నేను మెట్టు రెక్క పార్టీ. పెళ్లి స్టేజీల అక్షరాలు కోసే వేడి తీగతో దిమ్మలోంచి విమానపు రెక్క ఆకారాన్ని చెక్కే వర్గం వేరే ఉంది. వాళ్ల పని అందమే, కాదనను. కానీ సాయంత్రం విరిగిన రెక్కను రాత్రికే కోసుకుని తెల్లారి మళ్లీ ఎగరేయాలంటే మెట్టు రెక్కకే నా ఓటు.

మంచి పనివాడెవరో తెలుసుకోవాలంటే అతని కీలు చూడాలి. తోక మీద ఎలివేటర్‌ను విడదీసేటప్పుడు బ్లేడును ఏటవాలుగా పట్టి అంచు చెక్కుతాడు, టేపు అంటించి వెనక్కి మడిచి రెండోవైపు కూడా అంటిస్తాడు. దారపు సందు కూడా ఉండదు. ఊదితే ఊగాలి, పట్టుకుంటే వదులు ఉండకూడదు. గ్లూ గన్ నొక్కే తీరు కూడా చూడాలి. మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కతో 600 గ్రాముల విమానం చేస్తే ఒక్కో చదరపు డెసిమీటరు మీద 30 గ్రాముల బరువు పడుతుంది, హాయిగా తేలుతుంది. జిగురు ధారాళంగా పోసి 900 గ్రాములు చేస్తే అదే విమానం రాయిలా పరుగెత్తాలి, లేకపోతే పడుతుంది. నొక్కిన జిగురు చుక్కను చల్లారకముందే వేలితో తుడిచి సగం వెనక్కి తీసేవాళ్లుంటారు. ఆ లోభానికి దండం పెట్టాలి.

ఆ తర్వాత సీజీ, అంటే గురుత్వ కేంద్రం. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య రెండు చూపుడు వేళ్లు ఆనించి లేపితే విమానం సమంగా నిలవాలి. తోక వాలితే బ్యాటరీ ముందుకు జరపాలి, ముక్కు మరీ వాలితే వెనక్కి. మోటారు పెట్టేటప్పుడు దాని ముక్కును రెండు డిగ్రీలు కిందికి, రెండు డిగ్రీలు కుడికి తిప్పుతారు. ఆ చిన్న వంపు లేకపోతే వేగం పెంచినప్పుడల్లా విమానం ఎడమకు లాగుతుంది. ముందుగా మోటారు నడపకుండా గడ్డి నేల మీద చేత్తో విసిరి చూడాలి. తిన్నగా జారుతూ దిగితే సగం గెలిచినట్టే. మా ప్రాంతంలో ఆషాఢపు గాలికి విమానం నిలవదు. సంక్రాంతి తర్వాత తెల్లవారుజామున చేలలో ఆకు కదలని వేళ దీనికి బంగారు సమయం. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఏ రెక్క కిందికి వాలుతుందో ఆ వైపుకే పుల్ల నెట్టాలి, అదే దాన్ని పైకి లేపుతుంది. ఈ ఒక్క సూత్రం ఎన్ని విమానాలను కాపాడిందో!

ఈ విద్యకు మహానుభావులున్నారు. 1937లో వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు అమెరికాలో రేడియోతో మోడల్ విమానాన్ని నడిపి చూపించారు. ఫోమ్ బోర్డుతో ఎవరైనా కట్టుకోవచ్చని లక్షలమందికి నేర్పినవాడు జాష్ బిక్స్‌లర్. 2017లో పీటర్ శ్రీపోల్ హార్డ్‌వేర్ కొట్టు ఫోమ్ పలకలతో తాను కూర్చునే విమానమే కట్టుకుని ఎగిరాడు. వీళ్లందరికంటే నేను పైన పెట్టేది మేనార్డ్ హిల్‌ను. 2003 ఆగస్టులో ఆయన 5 కిలోలకు లోపే బరువున్న బాల్సా విమానాన్ని కెనడా తీరంలో వదిలాడు. 38 గంటల 52 నిమిషాలు ఎగిరి, దాదాపు 3,030 కిలోమీటర్ల అట్లాంటిక్ దాటి, అది ఐర్లండ్‌లో దిగింది. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు, చూపు దాదాపు పోయింది, చెవులూ సరిగా వినపడవు. వేళ్లతో తడిమి కట్టాడు! అందులో ఆటోపైలట్ ఉంది కదా అని వాదించేవాళ్లున్నారు. ఉంటేనేం, రెక్క ఆయన వేళ్లది. ఏళ్ల తరబడి కట్టి, సముద్రంలో పోగొట్టుకుని, మళ్లీ కట్టిన చేతులవి.

ఇప్పుడు కడుపు మంట సంగతి. విమానం పేరుతో బజారులో అమ్ముతున్న బొమ్మ ఒకటుంది. అచ్చులో పోసిన ఫోమ్, రెండు చిన్న మోటార్లు, ఎలివేటర్ లేదు, రడ్డర్ లేదు. ఒక మోటారు వేగం తగ్గిస్తే అటు తిరుగుతుంది, రెండూ పెంచితే లేస్తుంది, అంతే. దానితో ఆడిన పిల్లవాడికి తోక ఎందుకుందో జన్మలో తెలియదు. విరిగితే బాగుచేయడానికి అందులో ఏమీ ఉండదు, చెత్తకుండీకి పోతుంది. దీన్నైనా చిన్నపిల్లల సరదా అని వదిలేయొచ్చు. ఇంజనీరింగ్ విద్యార్థులు చేస్తున్నది వదిలేయలేను. ప్రాజెక్టు పేరుతో లేజర్‌తో కోసిన ముక్కల కిట్టు తెప్పిస్తున్నారు, ఒక పూటలో అంటిస్తున్నారు, నివేదిక కూడా కిట్టుతోనే వస్తోంది. సీజీ ఎక్కడని అడిగితే కాగితం తిరగేస్తారు. ఇది కాపీ కొట్టడం కాక మరేమిటి? పుల్లలు వదిలేసినా జీపీఎస్ పట్టుకుని గాల్లో నిలబెట్టే డ్రోన్ కొని పైలట్లమని చెప్పుకునేవాళ్ల గురించి వేరే చెప్పాలా?

అనుమతులు రావని, ఖర్చెక్కువని సాకులు చెబుతారు. 2021 డ్రోన్ నియమాలు 250 గ్రాములు, అంతకు లోపు బరువున్నవాటిని నానో తరగతిలో పెట్టి చాలా వెసులుబాటిచ్చాయి. పొదుపుగా జిగురు వాడే చేతికి ఆ బరువులో విమానం కట్టడం సాధ్యమే. ఎక్కడ ఎగరవచ్చో ప్రభుత్వపు మ్యాపులో చూసుకోవచ్చు. ఖర్చంతా రిమోట్, మోటారు, బ్యాటరీ మీదే. అవి ఒకసారి కొంటే పది విమానాలకు మారుతూ ఉంటాయి. షీటు మాత్రం మళ్లీ మళ్లీ కొనాలి, అది టిఫిన్ డబ్బులతో వస్తుంది. విరిగినా ఏడవక్కర్లేదు కాబట్టే పిల్లవాడు ధైర్యంగా ఎగరేస్తాడు.

అందుకే సైన్సు మాస్టార్లకు, అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు చూసేవాళ్లకు నా విన్నపం. 2016లో మొదలైన ఆ పథకం కింద ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా కేటాయింపు ఉంది. అందులో కొంచెం ఫోమ్ షీట్లకు, బ్లేడ్లకు, సర్వోలకు పెట్టండి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ ఎలాగూ ఉంది, అక్కడి క్యాడెట్లను మీ బడికి పిలిపించండి. పిల్లవాడు మీ కళ్ల ముందు రెక్క కోసి, రెండు వేళ్ల మీద సీజీ నిలబెట్టి, మోటారు లేకుండా పది మీటర్లు తిన్నగా జార్చి చూపించాకే మార్కులు వేయండి. కిట్టు తెచ్చినవాడి చేతికి బ్లేడు, షీటు ఇచ్చి మళ్లీ మొదటి నుంచి చేయించండి.